నల్లర్‌బోర్ దారిలో వినాయక చవితి

మంగళవారం, మెల్‌బోర్న్

ఆస్ట్రేలియాలో బండి వెనక ఇల్లు తగిలించుకుని దేశం చుట్టి రావాలనుకునేవారు ముందుగా బరువుల లెక్క నేర్చుకోవాలి. దారుల సంగతి ఆ తర్వాత. మా కారవాన్ 21 అడుగులది. వెనక పిల్లలకు ఒకదాని మీద ఒకటిగా రెండు బెర్తులు, ముందు మాకు మంచం, మధ్యలో భోజనాల బల్ల కిందికి దించితే అత్తయ్యకు పడక. ఖాళీగా ఉన్నప్పుడు బరువు 2,400 కిలోలు. సామానుతో కలిపి 2,900 దాటకూడదని దాని పలక మీదే చెక్కి ఉంటుంది. దాటిందంటే పోలీసులకు జరిమానా కట్టాలి. ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు చేతులెత్తేస్తారు. మిగిలిన 500 కిలోల్లోనే అయిదుగురి కాపురం ఇమడాలి. అందులోనూ రెండు ట్యాంకుల నీళ్ళకే 190 పోతాయి.

తూకం వేయిస్తే 2,990 తేలింది. చీటీ చేతికిచ్చిన పెద్దమనిషి "ఏం దించుతారు?" అని నవ్వాడు. ఏం దించాలో రాత్రి పొద్దుపోయేదాకా తేలలేదు. మా ఆయన పనిముట్ల పెట్టె ముట్టుకుంటే ఊరుకోరు. పిల్లలు సైకిళ్ళు పట్టుకుని వేలాడారు. బియ్యం బస్తా నాది. అత్తయ్యదేమో వెట్ గ్రైండర్. చివరికి సైకిళ్ళు షెడ్డులోకి, బియ్యం సగం ఇంట్లో డబ్బాలోకి, పనిముట్లలో సగం ఇంటి అరల్లోకి, గ్రైండర్ పక్కింటికి వెళ్ళాయి. "మిక్సీలో తిప్పింది కూడా పిండేనా?" అంటూనే ఆవిడ ఒప్పుకున్నారు. ఆవకాయ జాడీ జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు.

పిల్లల చదువుకు విక్టోరియా ప్రభుత్వం దగ్గర హోమ్ స్కూలింగ్ కింద పేర్లు నమోదు చేయించాం. దేశాన్ని చుట్టే ఒకటో నంబరు హైవే సుమారు 14,500 కిలోమీటర్లు. ముందు పడమటికి వెళ్ళాలని, వానలు తగ్గిన కాలంలో ఉత్తరాన తేలాలని మా లెక్క.

బుధవారం, వార్నంబూల్

ప్రయాణానికి బుధవారం అత్తయ్య పెట్టిన ముహూర్తమే. శుక్రవారం ఇల్లు కదలకూడదు, మంగళవారం మంచిది కాదు, శనివారం సరేసరి. కొబ్బరికాయ కొట్టాక నిమ్మకాయల దగ్గర చిక్కొచ్చింది. "బండికి నాలుగు చక్రాలు, కారవాన్‌కు నాలుగు. ఎనిమిది పెట్టాలా అమ్మా?" అని మా ఆయన అడిగారు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "అది తనంతట తాను నడిచేది కాదుగా. నడిచేదానికి పెట్టు చాలు" అని తీర్పు చెప్పారు.

గ్రేట్ ఓషన్ రోడ్డు మీదుగా వెళ్ళలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా పలుగూ పారలతో తొలిచిన 243 కిలోమీటర్ల దారి అది. కారులో అయితే ఎన్నిసార్లయినా వెళ్ళవచ్చు. వెనక మూడు టన్నులు వేలాడుతుంటే ఆ కొండ మలుపుల్లో సముద్రాన్ని చూసేది పక్క సీట్లోవాళ్ళే, నడిపేవాళ్ళు కాదు. లోపలి హైవే మీదే గంటకు తొంభై మించకుండా వచ్చాం. మా వెనక ఎప్పుడూ అయిదారు బండ్లు ఓపికపడుతూనే ఉన్నాయి.

గురువారం, మౌంట్ గాంబియర్

దక్షిణ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టగానే గడియారాలు అరగంట వెనక్కి తిప్పాలి. పండ్ల ఈగ భయంతో ఈ రాష్ట్రం బయటి పండ్లను రానివ్వదు. ఉన్న నాలుగు ఆపిల్ పండ్లూ సరిహద్దుకు ముందే బండి ఆపి తినేశాం.

ఈ ఊరికి పేరు తెచ్చిన నీలి సరస్సు అగ్నిపర్వతం నోట్లో నిలిచిన నీరు. ఊరి కుళాయిల్లో వచ్చేదీ అదే. వేసవిలో నీరు వేడెక్కితే అందులోని సున్నం సన్నటి స్ఫటికాలుగా విడివడి నీలి కాంతిని వెదజల్లుతుంది. రంగు తిరిగేది ఇక్కడ వేసవి ముందు, నవంబరులో. ఆగస్టులో వెళ్ళిన మాకు బూడిద రంగు నీళ్ళు కనిపించాయి. మావాడికి కోపం వచ్చింది. పోస్టుకార్డు కొనిస్తే గాని శాంతించలేదు.

మరుగుదొడ్డి పెట్టె ఖాళీ చేసే మొదటి విడత కూడా ఇక్కడే వచ్చింది. కారవాన్ ఫొటోల్లో ఎవరూ దీన్ని చూపించరు. సూట్‌కేసులా చక్రాలున్న డబ్బా, దాన్ని డంప్ పాయింట్ దాకా లాక్కెళ్ళి, మూత తిప్పి, ఊపిరి బిగబట్టి వంచాలి. మా ఆయన తొలిసారి చేతితొడుగులు, మాస్కు, వానకోటు వేసుకుని వెళ్ళారు. పక్కనే చెప్పులతో, కాఫీ కప్పుతో వచ్చిన ముసలాయన తన డబ్బా ఒంపి, కడిగి, శుభోదయం చెప్పి వెళ్ళిపోయేసరికి ఈయన ఇంకా మూత ఎటు తిరుగుతుందో చూస్తూనే ఉన్నారు.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా, అడిలైడ్

నగరంలో పనులన్నీ చవితి చుట్టూ తిరిగాయి. బుధవారానికి మేం సెడూనా దాటతాం, ఆ తర్వాత 1,200 కిలోమీటర్ల నల్లర్‌బోర్ మైదానపు దారిలో చెప్పుకోదగ్గ ఊరు లేదు. బియ్యపు రవ్వ, శనగపప్పు, బెల్లం, కొబ్బరికాయ, మామిడాకులు భారతీయ దుకాణంలో దొరికాయి. ఎండకు ఎరుపెక్కిన చామంతులు రెండు కట్టలు. పత్రి సంగతి దేవుడికే వదిలేశాం.

మిగిలిన సమయంలో లిటిల్ గిల్బర్ట్ వీధిలో మసీదు చూశాం. 1888-89లో కట్టింది. కట్టించుకున్నవాళ్ళు ఒంటెలు తోలినవాళ్ళు. రైలు రాకముందు ఈ దేశపు ఎడారుల్లోకి ఉన్ని, తీగ, పిండి, పట్టాలకు కావలసిన సామాను మోసినవి వాళ్ళ ఒంటెలే. అందరినీ కలిపి 'ఆఫ్ఘన్లు' అన్నారు గాని, వాళ్ళలో బలూచీలు, పంజాబీలు, సింధీలు చాలామంది ఉన్నారు. తర్వాత ఇదే దేశం వలస చట్టాలు బిగించి వాళ్ళకు పౌరసత్వం లేకుండా చేసింది. పౌరసత్వ ప్రమాణం చేసినప్పుడు మాకిచ్చిన పుస్తకంలో ఈ సంగతి ఎక్కడైనా ఉందేమో గుర్తులేదు. చిన్న ప్రాంగణం, నాలుగు మీనార్లు, నిశ్శబ్దంగా ఉంది. మా పెద్దమ్మాయి దాని గురించి ఒక పేజీ రాసింది. బడి లెక్కలో ఆ రోజుకు అదే చరిత్ర పాఠం.

సోమవారం, పోర్ట్ అగస్టా

ఎదురుగాలి. ఖాళీ బండి వంద కిలోమీటర్లకు పది లీటర్లు తాగితే, ఈ రోజు ఇరవై దాటింది. రాసుకోవలసింది ఇంకేమీ లేదు.

మంగళవారం, సెడూనా

దారిలో కింబా అనే గోధుమల ఊరు వచ్చింది. ఆస్ట్రేలియాకు అడ్డంగా ఇక్కడికి సగం దూరమని బోర్డు, దాని దగ్గర గులాబీ బూడిద రంగుల గలా పక్షి బొమ్మ, రెండంతస్తుల ఎత్తుంది. పిల్లలు ఫొటోలు దిగుతుంటే అత్తయ్య రోడ్డు పక్క వంగి ఏదో ఏరుతున్నారు. ఎర్రమట్టి. పెరుగు డబ్బాలో నింపి, నీళ్ళు చిలకరించి, ఒళ్ళో పెట్టుకుని సెడూనా దాకా పిసుకుతూనే వచ్చారు.

బండిలో కాళ్ళ దగ్గర హీటరు గాలి తగిలే చోట దోసెల పిండి గిన్నె కూడా ఆవిడదే. ఆగస్టు చలికి కారవాన్‌లో పిండి పులవడం లేదు. ఇలా అయితే మధ్యాహ్నానికి పొంగుతోంది. మిక్సీ పిండి గురించి ఇప్పుడేమంటారని నేను అడగలేదు.

బుధవారం, చవితి

తెల్లవారుజామునే కారవాన్ పార్కులో మా గుడారం కింద మడత బల్ల వేసి పీట పెట్టాం. కింబా మట్టి వినాయకుడికి మావాడు బొజ్జ పెట్టాడు, పెద్దది తొండం తిప్పింది. చెవులు రెండూ ఒక్క తీరున రాలేదు. పాలవెల్లికి బట్టలారేసే మడత స్టాండు. దానికి కమలాపండ్లు, మొక్కజొన్న పొత్తులు, ఒక దోసకాయ, రెండు జామపండ్లు దారాలతో వేలాడదీశాం. పత్రిలో మాచీపత్రం, బృహతీపత్రం ఇక్కడెక్కడ దొరుకుతాయి? పార్కు నిండా మొలిచి ఉన్నది గరికే. ఈ దేశపు వాళ్ళు తోటల్లో పచ్చికగా పెంచుకుంటారు. అడిగి ఒక గుప్పెడు కోసుకున్నాం. మామిడాకు, తులసి ఉన్నాయి. మిగిలినవాటన్నిటికీ అక్షతలు. ఏది లేకపోయినా అక్షతలు వేయవచ్చన్న సౌకర్యం పెట్టినవాళ్ళెవరో బాగా ప్రయాణాలు చేసి ఉంటారు.

ఇడ్లీ పాత్రలో ఉండ్రాళ్ళు ఉడుకుతుండగా పక్క స్థలంలోని దంపతులు వచ్చారు. క్వీన్స్‌లాండ్ నుంచి, ఉద్యోగ విరమణ చేసి రోడ్డు పట్టినవాళ్ళు. అలాంటివాళ్ళు ఈ దారి నిండా ఉన్నారు. కథ అయ్యేదాకా కుర్చీల్లో బుద్ధిగా కూర్చున్నారు. శమంతకమణి కథను పెద్దది వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పింది. చవితి నాడు చంద్రుణ్ణి చూసిన పాపానికి కృష్ణుడంతటివాడి మీద దొంగతనం మోపారని విని ఆ క్వీన్స్‌లాండ్ ఆవిడ, "మరి ఈ రాత్రి మీరు నల్లర్‌బోర్‌లో ఉంటారా?" అని అడిగింది. ఆ మాటలో ఏముందో మాకప్పుడు తట్టలేదు.

పదకొండుకు కదిలాం. పెనాంగ్ దగ్గర గాలిమరల గుంపు, ఆ తర్వాత గోధుమ చేలు ఆగిపోయాయి, తర్వాత యూకలిప్టస్‌లు మోకాళ్ళ ఎత్తుకు దిగాయి, తర్వాత అవీ లేవు. యలాటా భూములు దాటాం. 1950లలో ఉత్తరాన ఉన్న తమ నేలల నుంచి అనంగు ఆదివాసులను తరలించి ఇక్కడికి చేర్చారు. 1956 నుంచి 1963 దాకా బ్రిటన్ అణ్వస్త్ర పరీక్షలు జరిపిన మారలింగా ఆ నేలల్లోనిదే. హైవే మీద దాని గురించి ఒక్క అక్షరం లేదు. ఒంటె, కంగారూ, వాంబాట్ బొమ్మలతో పసుపు బోర్డు మాత్రం ఉంది, దానితో ఫొటో దిగడానికి జనం ఆగుతారు.

సాయంత్రం నల్లర్‌బోర్ రోడ్‌హౌస్ వెనక కంకర నేల మీద బండి నిలిపాం. డీజిలు, భోజనం, డబ్బులేస్తే వచ్చే వేడినీళ్ళు, అంతే. నాలుగు దిక్కులా మోకాలెత్తు మొక్క లేదు. పొద్దు వాలగానే పడమట, ఏ అడ్డూ లేని ఆకాశంలో, చవితి చంద్రుడు.

మెల్‌బోర్న్‌లో అయితే పక్కింటి కప్పు, చెట్టు, మబ్బు, ఏదో ఒకటి కాపాడుతుంది. ఇక్కడ తలుపు తీస్తే చంద్రుడే. పైగా స్నానాల గదులు పడమటి వైపు. కథ విని అక్షతలు తల మీద వేసుకున్నవాళ్ళకు దోషం లేదని ఎంత చెప్పినా అత్తయ్య వినలేదు. కొంగు నెత్తి మీదుగా కళ్ళ దాకా లాక్కుని, పెద్దదాని భుజం పట్టుకుని, నేల చూపులు చూస్తూ వెళ్ళి వచ్చారు. మావాడు మాత్రం కారవాన్ మెట్ల మీద కూర్చుని తనివితీరా చూశాడు. "నానమ్మా, కాకినాడ ఫొటోలో వంక ఇటు ఉంది, ఇక్కడ అటు ఉంది" అని లోపలికి వినిపించేలా అరిచాడు. భూమధ్యరేఖకు దక్షిణాన నెలవంక తిరగబడే కనిపిస్తుంది. "ఎటున్నా చూడకూడదురా!" అని లోపలి నుంచి జవాబు.

గురువారం, హెడ్ ఆఫ్ బైట్, తర్వాత సరిహద్దు

ఉద్వాసన చెప్పాక నిమజ్జనానికి నీళ్ళు కావాలి. ట్యాంకుల్లో ఉన్నది నార్స్‌మన్ దాకా రావాలి. గిన్నెలు కడిగిన నీళ్ళు పనికిరావు. బేరాలయ్యాక నాలుగు లీటర్లకు కుదిరింది. బకెట్లో వినాయకుడు కరిగేదాకా అందరం చుట్టూ నిలబడ్డాం. ముందు తొండం, తర్వాత చెవులు. బొజ్జ చాలాసేపు పట్టింది, మావాడికి గర్వంగా ఉంది.

కారవాన్‌ను అక్కడే ఉంచి తిమింగిలాల కోసం తూర్పుగా వెనక్కి వెళ్ళాం. దక్షిణ ధ్రువం వైపు చల్లటి సముద్రాల్లో మేసే సదరన్ రైట్ తిమింగిలాలు మే నుంచి అక్టోబరు దాకా ఇక్కడికొచ్చి ఈనుతాయి. పంతొమ్మిదో శతాబ్దంలో నూనె కోసం వేటాడి వీటిని దాదాపు తుడిచిపెట్టారు. నెమ్మదిగా ఈదుతాయి, తీరానికి దగ్గరగా వస్తాయి, చచ్చాక తేలతాయి, వేటగాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఇప్పుడు కొండ అంచున చెక్క వంతెన మీద నిలబడితే సరిగ్గా కింద కనిపిస్తాయి. బైనాక్యులర్ అక్కర్లేదు. తల్లి నల్లటి వీపు నీటి మీద కదలకుండా పడుకుని ఉంది. తల మీద తెల్లటి గరుకు మచ్చలు. ఆ మచ్చల అమరికను బట్టే పరిశోధకులు ఒక్కో తిమింగిలాన్ని గుర్తుపడతారు. పిల్ల తల్లి మీదికి ఎక్కి, అటు జారి, మళ్ళీ ఎక్కుతోంది. పుట్టినప్పుడే అయిదారు మీటర్ల పొడవుండే పిల్ల అది. తల్లి ఒక్కసారి ఊపిరి వదిలితే ఆ చప్పుడు పైకి వినిపించింది, రెండు పాయలుగా ఆవిరి లేచింది. అత్తయ్య గంటన్నర కదల్లేదు. "బాలింతను ఇంతమంది చూడకూడదు" అని మాత్రం అన్నారు, చూస్తూనే.

మధ్యాహ్నం బండా కొండల వెంట పడమటికి. దేశం ఇక్కడ కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. కింద అరవై నుంచి నూట ఇరవై మీటర్ల లోతున సముద్రం. సరిహద్దులో పశ్చిమ ఆస్ట్రేలియా తనిఖీ. ఇక్కడ పండ్లు, కూరగాయలు, మొక్కలు, గింజలు, తేనె ఏదీ దాటకూడదు. పాలవెల్లి పండ్లన్నీ తినేశాం, పంచామృతం చేయగా మిగిలిన తేనె, కరివేపాకు అప్పగించాం. తనిఖీ అధికారి కారవాన్ ఎక్కి ఫ్రిజ్, అరలు, పరుపుల కింద చూశాడు. ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి, ఊరబెట్టిన పచ్చడికి ఫర్వాలేదన్నాడు. అత్తయ్య ఊపిరి పీల్చుకున్నారు. అంతలో పిల్లల పై బెర్తు దిండు కింద నుంచి ఒక కమలాపండు తీసి చూపించాడు.

పై బెర్తు మావాడిది. "నేను పెట్టలేదు" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. అధికారి ఏమీ అనకుండా పండును డబ్బాలో వేసి పంపేశాడు. బండిలో కూర్చున్నాక వాడు ఏడుపు మొదలుపెట్టాడు. "నిన్న అన్నీ చూశావుగా" అన్నారు అత్తయ్య. అది ఓదార్పో తీర్పో వాడికి అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

శుక్రవారం, యూక్లా నుంచి కైగూనా

యూక్లాలో 1877లో తెరిచిన టెలిగ్రాఫ్ కార్యాలయం ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది. అప్పటికి దక్షిణ, పశ్చిమ ఆస్ట్రేలియాలు రెండు వేర్వేరు వలస రాజ్యాలు, ఇద్దరి మోర్స్ సంకేతాలూ వేరు. ఒకే భవనంలో ఇటు వాళ్ళు, అటు వాళ్ళు కూర్చుని, ఒకరు విన్న తంతిని కాగితం మీద రాసి ఇస్తే రెండోవారు తమ సంకేతంలో మళ్ళీ కొట్టేవారు. తర్వాత కుందేళ్ళు దండుగా వచ్చి గడ్డీగాదం మేసేశాయి. పట్టు వదిలిన ఇసుక దిబ్బలు కదిలి ఊరి మీదికి వచ్చాయి. ఇప్పుడు మిగిలింది తలుపుల్లేని రాతి గోడలు, పొయ్యి గూడు.

ఇక్కడ సమయం కూడా సొంతమే. సరిహద్దు నుంచి కైగూనాకు కాస్త ఇవతలి దాకా ఉన్న కొద్దిపాటి ఇళ్ళు, రోడ్‌హౌస్‌లు ప్రభుత్వంతో పనిలేకుండా రెండు రాష్ట్రాలకూ నడిమధ్య ఒక గడియారం పెట్టుకున్నాయి. తూర్పు కన్నా ముప్పావుగంట వెనక, పడమర కన్నా ముప్పావుగంట ముందు. మా ఫోన్లకు ఇది ఎక్కలేదు. ఆకలి ప్రకారం తిన్నాం.

ఈ హైవేకు ఎడ్వర్డ్ జాన్ ఐర్ అనే అన్వేషకుడి పేరు పెట్టారు. 1841లో ఈ తీరం వెంట నడిచి ఆల్బనీ చేరాడు. చివరి దాకా ఆయనతో నడిచిన వైలీ అనే ఆదివాసీ యువకుడి పేరు ఏ రోడ్డు బోర్డు మీదా మాకు కనపడలేదు. మొత్తం దారికి తారు పడింది 1976లో.

రేడియోలో లారీ డ్రైవర్లు మాట్లాడుకునే నలభయ్యో ఛానెల్ పెట్టుకుని నడుపుతాం. మూడు ట్రైలర్ల రోడ్ ట్రెయిన్ అనే పొడవాటి లారీ వెనక నుంచి వస్తే డ్రైవరు ముందే చెబుతాడు. మనం వేగం పెంచకుండా, పక్కకు జరగకుండా ఉండాలి. అది దాటేటప్పుడు గాలి కారవాన్‌ను ఓసారి అవతలికి నెడుతుంది, ఓసారి దాని వైపు లాగుతుంది. దాటాక మా ఆయన లైట్లు వెలిగించి దారి ఉందని చెబితే, ఆ డ్రైవరు ఇండికేటరుతో కృతజ్ఞత చెబుతాడు. ఎదురొచ్చే కారవాన్ల వాళ్ళు స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు ఎత్తుతారు. మా పిల్లలు ప్రతి ఒక్కరికీ రెండు చేతులూ ఊపుతారు.

రాత్రి కైగూనాలో పప్పుచారు, ఆవకాయ. తాజా కూర లేదు. అన్నం కలుపుతూ మా ఆయన, ఆ కమలాపండు తనే పెట్టానని చెప్పారు. నల్లర్‌బోర్‌లో రాత్రి తిందామని తీసుకుని, దీపం ఆర్పడానికి పైకెక్కి, అక్కడ పెట్టి మరిచిపోయారట. మావాడు చెయ్యి కడుక్కుని వచ్చి నానమ్మ ముందు నిలబడ్డాడు. ఆవిడ వాడి తల మీద నాలుగు అక్షతలు వేసి, కొడుకు వైపు తిరిగి, "నువ్వు చంద్రుణ్ణి ఎప్పుడు చూశావురా?" అన్నారు.

శనివారం, నార్స్‌మన్

కైగూనా దాటాక రోడ్డు 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపు లేకుండా సాగుతుంది. విసుగొస్తుందని అందరూ చెప్పారు. మాకు రాలేదు. చెట్లు మళ్ళీ మొదలయ్యాయి, దారి మీద చచ్చిన కంగారూల దగ్గర గద్దలు బండి వచ్చేదాకా లేవవు, ఒకచోట రోడ్డే విమానాల రన్‌వే. 1928లో మొదలైన ఫ్లయింగ్ డాక్టర్ల విమానాలు దిగడానికి తారు మీద తెల్ల గీతలు కొట్టి ఉంచారు. ఇక్కడ జబ్బు చేస్తే ఆసుపత్రే ఎగురుకుంటూ రావాలి. అత్తయ్య తన బీపీ మాత్రల డబ్బా తీసి లెక్క చూసుకున్నారు.

బల్లడోనియాలో 1979 జులైలో కూలిన అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ముక్కల ప్రదర్శన ఉంది. స్కైలాబ్ మన ఊరి మీదే పడుతుందని ఆ ఏడాది కోళ్ళన్నీ కోసుకు తిన్నారని, అప్పులిచ్చినవాళ్ళు గుమ్మాల్లో కూర్చున్నారని అత్తయ్య చెప్పారు. తీరా అది వచ్చి పడింది ఇక్కడ. ఆవిడ ఆ ఇనుప తునకను చాలాసేపు చూసి, "దీనికా!" అన్నారు.

నార్స్‌మన్ కూడలిలో రేకుతో చేసిన ఒంటెలు నిలబడి ఉన్నాయి. ట్యాంకులు నింపాం, నాలుగు విడతల బట్టలు ఉతికాం, కూరగాయలు కొన్నాం. వంకాయ ధర విని అత్తయ్య వెనక్కి పెట్టి, మళ్ళీ తీసుకున్నారు. ఇక్కడి నుంచి కుడికి వెళ్తే కాల్గూర్లీ బంగారు గనులు, ఎడమకు వెళ్తే 200 కిలోమీటర్లలో ఎస్పరెన్స్ సముద్రతీరం. స్కైలాబ్ ముక్కలు పడినప్పుడు చెత్త పారేశారంటూ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసిన ఊరు ఎస్పరెన్స్. కమలాపండు దాచినందుకు నాన్నకు ఎంత రాస్తారో అక్కడ అడగాలని మావాడి పట్టుదల. రేపు ఎడమకే.